ఒక పిల్లవాడు రాకపోతే క్లాసుకు లోటు తెలియాలి

టీచర్ గారూ, మీ ప్రశ్నను కుదించి చెప్తే ఇదీ సంగతి: ఈ ఏడాదే ఆరో తరగతికి క్లాస్ టీచర్‌గా వచ్చారు. నలభై మంది పిల్లలు. గోడ మీద ‘మనమంతా ఒక కుటుంబం’ అని చార్టు పెట్టారు, పుట్టినరోజులు గుర్తుపెట్టుకుని చేయిస్తున్నారు, ఎవర్నీ కసురుకోవడం లేదు. అయినా అయిదారుగురు ఒంటరిగానే మిగిలిపోతున్నారు. వాళ్ళను ఏ గ్రూపులో వేసినా మిగతావాళ్ళు మొహం ముడుచుకుంటున్నారు. సిలబస్ వెనకబడకుండా ఇంకేం చేయాలి అని అడిగారు. ఎవరితోనూ కలవని ఒక అమ్మాయి గురించి కూడా రాశారు. ఆ అమ్మాయి సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే అది వేరే విషయం అయ్యుండొచ్చు.

నేను చాలా ఏళ్ళుగా ఈ వయసు పిల్లలకే చెప్తున్నాను కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను. మీరు చేస్తున్నవాటిలో తప్పేమీ లేదు. కాకపోతే అవన్నీ మీ వైపు నుంచి పిల్లల వైపు వెళ్ళేవి. పదకొండేళ్ళ పిల్లవాడు పొద్దున్న లేచి బడి గురించి ఆలోచించేటప్పుడు వాడి మనసులో మెదిలేది టీచర్ మొహం ఒక్కటే కాదు. పక్కన ఎవరు కూర్చుంటారు, బ్రేక్‌లో ఎవరి దగ్గర నిలబడాలి, గ్రూపులు వేస్తే తనని ఎవరు తీసుకుంటారు, ఈ టెన్షనే ఎక్కువ. అందుకే నేను ఏ క్లాసునైనా ఒక ప్రశ్న వేసుకుని చూస్తాను: ఈ పిల్లవాడు రెండు రోజులు రాకపోతే టీచర్‌కి కాక ఇంకెవరికి తెలుస్తుంది? ఎవరి పనైనా ఆగుతుందా? ‘ఎవరికీ తెలియదు, ఏదీ ఆగదు’ అని జవాబు వస్తే, నువ్వంటే మాకు చాలా విలువ అని మనం వందసార్లు చెప్పినా ఆ పిల్లవాడు నమ్మడు. నమ్మాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే అది నిజం కాదు. కాబట్టి మీ పని ప్రేమ పెంచడం కన్నా, ప్రతి పిల్లా పిల్లవాడూ తోటివాళ్ళకు అవసరమయ్యేలా రోజువారీ పనులను అమర్చడం. ప్రేమ ఆ తర్వాత దానంతటదే వస్తుంది. ఒక్కోసారి రాకపోయినా మర్యాద వస్తుంది, దాంతో కూడా బండి నడుస్తుంది.

ముందుగా క్లాసులో ఎవరెక్కడున్నారో తెలుసుకోండి. ఒక సాయంత్రం హాజరుపట్టీ చూడకుండా నలభై పేర్లూ గుర్తొచ్చిన వరుసలో రాయండి. మొదట వచ్చిన పేర్లు బాగా చదివేవాళ్ళవీ, బాగా అల్లరి చేసేవాళ్ళవీ అయ్యుంటాయి. చివరికి ముప్ఫై అయిదు దగ్గర పెన్ను ఆగుతుంది. ఆ గుర్తురాని పేర్లే మీకు అసలు సమాచారం. అవి సాధారణంగా మీరు ప్రశ్నలో రాసిన అయిదారుగురివి కూడా కావు. వాళ్ళు కనీసం మీ కంట్లో పడ్డారు. గొడవ చేయరు, ఫెయిలవరు, ఫస్టు రారు, అలాంటి పిల్లలు ఏడాది పొడుగునా ఎవరి కంటా పడకుండా పై తరగతికి వెళ్ళిపోతారు.

తర్వాత పిల్లల వైపు నుంచి చూడండి. జేకబ్ మొరెనో అనే మానసిక వైద్యుడు 1930లలో ఒక పద్ధతి తయారుచేశాడు, సోషియోగ్రామ్ అంటారు. చాలా తేలిక. ప్రతి ఒక్కరికీ చిన్న చీటీ ఇచ్చి ‘వచ్చే నెల కొత్తగా కూర్చోబెడతాను, ఎవరి పక్కన కూర్చోవాలనుందో ముగ్గురి పేర్లు రాయండి, నేను తప్ప ఎవరూ చూడరు’ అని చెప్పండి. ఇంటికెళ్ళి పెద్ద కాగితం మీద పేర్లు రాసి, ఎవరు ఎవర్ని కోరుకున్నారో బాణాలు గీయండి. పది బాణాలు వచ్చిపడిన పేర్లు ఉంటాయి. ఒక్క బాణమూ రాని పేర్లు ఉంటాయి. తమలో తామే బాణాలు వేసుకుని బయటివాళ్ళతో సంబంధం లేని ముఠాలూ బయటపడతాయి. రెండు జాగ్రత్తలు. ‘ఎవరి పక్కన కూర్చోవడం ఇష్టం లేదు’ అని ఎప్పుడూ అడగకండి. ఆ ప్రశ్న అడిగితే ఇష్టం లేకపోవడానికి మనమే ఒక చోటు ఇచ్చినట్టు. ఆ కాగితం స్టాఫ్‌రూమ్ బల్ల మీద మరిచిపోకండి. ఇంకోటి, మాట ఇచ్చినట్టే సీట్లు నిజంగా మార్చండి. రాసిన ముగ్గురిలో ఒక్కరైనా దగ్గరగా ఉండేలా చూడండి. ఎవరూ కోరుకోని పిల్లవాడిని అతను కోరుకున్నవాళ్ళలో కాస్త మెత్తని మనసున్న పిల్ల పక్కన వేయండి. అందరికన్నా ఎక్కువ బాణాలు వచ్చిన పిల్లవాడి పక్కన వేయాలనిపిస్తుంది కానీ, అతనికి అప్పటికే కావలసినంత మంది ఉన్నారు, ఇతనికి పెట్టే టైము ఉండదు.

ఇప్పుడు హాజరు. మనలో చాలామంది పట్టీలోంచి తల ఎత్తకుండా పేర్లు చదివేస్తాం. పేరు పిలిచి, ఆ పిల్ల కళ్ళలోకి చూసి, ‘ప్రెజెంట్’ విన్నాక గీత పెట్టండి. అంతా కలిపి ఒక నిమిషం ఎక్కువ పడుతుందేమో. పేరు సరిగ్గా పలకడం రాకపోతే మొదటి వారంలోనే ఆ పిల్లనే అడిగి నేర్చుకోండి. తోటివాళ్ళు పెట్టిన ముద్దుపేరుతో పిలిచే ముందు అది ఆ పిల్లవాడికి ఇష్టమో కాదో విడిగా అడగండి. నవ్వుతున్నాడు కదా అని ఇష్టమే అనుకోవద్దు.

హాజరుకి ఒక గొలుసు కలపండి. నా క్లాసులో ఎప్పుడూ ఉండే ఏర్పాటు ఇదొక్కటే, మిగతావి మారుతుంటాయి. ప్రతి ఒక్కరూ ఇంకొకరి నోట్సు బాధ్యత చూస్తారు. జతలుగా వేయకండి, జతలు వేస్తే ఇద్దరు స్నేహితులు ఒకటై మూలన ఎవరో మిగులుతారు. ఒకటో నంబరు రెండో నంబరుకి, రెండు మూడుకి, అలా నలభై మళ్ళీ ఒకటికి. రెండో నంబరు రాకపోతే ఆ రోజు చెప్పింది ఏమిటో, హోంవర్క్ ఏమిటో ఒకటో నంబరు ఒక కాగితం మీద రాసిపెట్టి, వచ్చిన రోజు పొద్దున్నే చేతికివ్వాలి. నెలనెలా వరుస మారుతుంది. హాజరు పిలిచేటప్పుడు ఎవరైనా రాలేదంటే ‘వీళ్ళ కాగితం ఎవరిది?’ అని అడుగుతాను, ఒక చెయ్యి లేస్తుంది. అంతే. కానీ రెండు రోజుల జ్వరం తర్వాత బెరుకుబెరుగ్గా వచ్చిన పిల్లవాడికి, బ్యాగు కింద పెట్టకముందే ఒకరు ఎదురొచ్చి ‘ఇదిగో, లెక్కల్లో పదకొండో పాఠం తర్వాతిది మొదలెట్టారు, నాకూ సరిగ్గా అర్థం కాలేదు’ అని కాగితం చేతిలో పెడితే, వాడు రాని సంగతి ఒకరు లెక్కపెట్టుకున్నారని వాడికి తెలుస్తుంది. ఒంటరి పిల్లవాడు కూడా ఈ గొలుసులో అందుకునేవాడూ, ఇచ్చేవాడూ కూడా. ఈ రెండోదే ముఖ్యం. ఎప్పుడూ సాయం అందుకునే చోట కూర్చోబెట్టిన పిల్లని మిగతావాళ్ళు జాలిగా చూస్తారు, సమానంగా చూడరు.

ఇక పాఠంలో ఎవరి గొంతు వినిపిస్తోంది అన్నది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో సైన్సు క్లాసుల రికార్డింగులు విని చూస్తే, టీచర్ ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను మాత్రమే. దాన్ని మూడు సెకన్లు, ఆపైకి పెంచితే జవాబులు పొడవయ్యాయి, అసలు నోరు విప్పని పిల్లలు మాట్లాడటం మొదలెట్టారు. ఆమె గమనించిన ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది: తెలివైనవాళ్ళనుకున్న పిల్లల జవాబు కోసం టీచర్లు ఎక్కువసేపు ఆగారు, రాదనుకున్నవాళ్ళ దగ్గర తొందరగా వదిలేసి పక్కవాళ్ళని అడిగారు. ఇందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు, పిల్లవాడిని ఇబ్బంది పెట్టకూడదనే అలా చేస్తాం. కానీ క్లాసంతా దాన్ని చూస్తుంది. వీడి దగ్గర ఏమీ లేదని టీచర్ కూడా అనుకుంటోంది అన్న మాట నలభై మందికీ చేరిపోతుంది. ప్రశ్న అడిగి, మనసులో మూడు లెక్కపెట్టి, అప్పుడు పేరు పిలవండి. మొదట పేరు పిలిచి తర్వాత ప్రశ్న అడిగితే మిగతా ముప్ఫై తొమ్మిది మంది ఆలోచించడం మానేస్తారు. భయపడే పిల్లలకైతే ముందు పక్కవాళ్ళతో ఒక నిమిషం మాట్లాడుకోమని, తర్వాత ‘మీ ఇద్దరూ ఏమనుకున్నారు?’ అని అడగండి. తప్పయినా అది ఇద్దరి తప్పు అవుతుంది.

ఇంతవరకూ చెప్పినవి చిన్నచిన్న మార్పులు. మీ అసలు సమస్య గ్రూపుల్లో మొహం ముడుచుకోవడం కదా. దానికి నాకు తెలిసిన బలమైన మందు జిగ్సా పద్ధతి. 1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరంలో అప్పటిదాకా వేరువేరు బడుల్లో చదివిన తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లల్ని ఒకే క్లాసుల్లో కలిపారు. బడుల్లో కొట్లాటలు మొదలయ్యాయి. ఎలియట్ ఆరన్సన్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తనూ, ఆయన విద్యార్థుల్నీ సాయం అడిగారు. వాళ్ళు క్లాసుల్లో కూర్చుని చూశాక మంచితనం మీద ఉపన్యాసాలేమీ ఇప్పించలేదు. టీచర్ మెప్పు కోసం ఒకరితో ఒకరు పోటీపడి చేతులెత్తే పద్ధతినే మార్చారు. పాఠాన్ని ముక్కలు చేసి, గ్రూపులో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క ఇచ్చారు. మిగతా ముక్కలు తెలియాలంటే తోటివాళ్ళు చెప్పేది వినడం తప్ప దారి లేదు.

ఒక అగ్నిపర్వతాల పాఠం తీసుకుందాం. అయిదు ముక్కలు: భూమి లోపల రాయి ఎందుకు కరుగుతుంది, పైకి ఎలా వస్తుంది, పర్వతాల్లో రకాలు, జరిగే నష్టం, తర్వాత నేలకు కలిగే లాభం. అయిదుగురు చొప్పున ఎనిమిది గ్రూపులు, గ్రూపులు మీరే వేయండి. అయిదు నిమిషాలు ఎవరి ముక్క వాళ్ళు చదువుతారు. తర్వాత పన్నెండు నిమిషాలు, ఒకే ముక్క వచ్చినవాళ్ళు ఒకచోట చేరతారు. ఎనిమిది మంది ఎక్కువ కాబట్టి నలుగురేసి రెండు చోట్ల కూర్చోబెట్టండి. నాకిలా అర్థమైంది, నీకు ఎలా అర్థమైంది అని మాట్లాడుకుని, సొంత గ్రూపుకి వెళ్ళి ఎలా చెప్పాలో తేల్చుకుంటారు. ఈ దశ ఎట్టి పరిస్థితుల్లోనూ ఎగ్గొట్టకండి. చదవడం సరిగ్గా రాని పిల్లవాడు సొంత గ్రూపు ముందు చేతిలో ఏదో పట్టుకుని నిలబడగలిగేది దీనివల్లే. ఆ తర్వాత ఇరవై నిమిషాలు సొంత గ్రూపులో ఒకరికొకరు చెప్పుకోవడం. చివర్లో చిన్న క్విజ్, ఎవరి పేపరు వాళ్ళదే, ఎవరి మార్కులు వాళ్ళవే. గ్రూపు మొత్తానికి ఒకటే మార్కు వేస్తే ‘నీ వల్లే పోయింది’ అన్న మాట పుడుతుంది, చేసిందంతా వృథా.

మొదటిసారి ఘోరంగా ఉంటుంది, ముందే చెప్తున్నాను. మీరు చెప్పిన అయిదారుగురిలో ఒకడు కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని గొణుగుతాడు. ఒకమ్మాయి పైకప్పు చూస్తుంది, ఇంకొకడు ‘త్వరగా చెప్పరా’ అంటాడు. ఇక్కడ మీరు ‘అలా అనకూడదు’ అని మందలించారనుకోండి, వాళ్ళు నోరు మూసుకుని మనసులో అదే అనుకుంటారు. దానికి బదులు దగ్గరికెళ్ళి మెల్లగా ఇంతే చెప్పండి: ‘ఈ ముక్క మీ గ్రూపులో ఇతని దగ్గరే ఉంది. క్విజ్‌కి ఇంకో పావుగంట ఉంది. ఏం అడిగితే మీకు కావాల్సింది వస్తుందో ఆలోచించండి.’ చెప్పి పక్క గ్రూపుకి వెళ్ళిపోండి. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆ పైకప్పు చూసిన అమ్మాయే, ఇష్టంగా ఏమీ కాదు, క్విజ్ కోసమే, ‘అంటే రాయి నిజంగా నీళ్ళలా అవుతుందా?’ అని అడుగుతుంది. వాడు తల అడ్డంగా ఊపుతాడు. ‘నీళ్ళలా కాదు, చిక్కగా’ అంటాడు. ‘మరి పైకెందుకొస్తుంది?’ ‘అది నా ముక్క కాదు, వాడిది’ అని పక్కవాడిని చూపిస్తాడు. ఆ క్షణంలో ఆ అయిదుగురూ నిజంగా గ్రూపు అవుతారు. వాడికి జవాబులు వచ్చినా రాకపోయినా, అడిగేవాళ్ళ ప్రశ్నలు మెరుగుపడటం మీరు వారాలు గడిచేకొద్దీ చూస్తారు. ఆస్టిన్‌లో కూడా సరిగ్గా ఇదే జరిగిందని ఆరన్సన్ రాశాడు: భాష తడబడే పిల్లవాడిని మొదట వెక్కిరించినవాళ్ళు, వెక్కిరిస్తే తమకే పరీక్షలో నష్టమని తెలిశాక, వాడి నుంచి రాబట్టుకునేలా అడగడం నేర్చుకున్నారు.

అవసరం కోసం మొదలైన మర్యాద నిజమైన స్నేహం అవుతుందా అని అనుమానం రావచ్చు. అన్నిసార్లూ అవదు. కానీ ఒంటరి పిల్లవాడికి మొదట కావలసింది తన మాట పూర్తయ్యేదాకా నలుగురు వినడం. దానికి ఇది చాలు. వారానికి ఒకటి రెండు పాఠాలు ఇలా చెప్తే సరిపోతుంది. సిలబస్ ఆగదు, ఎందుకంటే ఇది సిలబస్సే. కొత్త భావన మొదటిసారి పరిచయం చేసే పాఠాలకూ, లెక్కల్లో ఒకదాని మీద ఒకటి ఆధారపడే మెట్లకూ మాత్రం ఈ పద్ధతి వాడకండి, ఒక ముక్క తప్పితే అన్నీ తప్పుతాయి.

గ్రూపులు వేశాక కూడా బాగా చదివే ఒకరిద్దరే అంతా నడిపిస్తుంటారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎలిజబెత్ కోహెన్ దీని మీద చాలాకాలం పరిశోధించింది. పిల్లలు ఒకరి ‘స్థాయి’ని మరొకరు ముందే నిర్ణయించేసుకుంటారనీ, పై స్థాయివాడు తప్పు చెప్పినా వింటారనీ, కింది స్థాయివాడు ఒప్పు చెప్పినా వినరనీ ఆమె చూపించింది. దీనికి ఆమె చెప్పిన విరుగుడు: ఆ పిల్ల చేసిన పనిలో నిజంగా పనికొచ్చింది ఏదో పట్టుకుని, అందరి ముందూ, పని పేరుతో సహా చెప్పడం. ‘వెరీగుడ్’ అంటే చాలదు. ‘ఈ బొమ్మలో కరిగిన రాయి వచ్చే దారిని ఆమె పక్క నుంచి కోసినట్టు గీసింది. లోపల జరిగేది అందువల్లే కనిపిస్తోంది. మీ గ్రూపు వివరణకి ఈ బొమ్మ కావాలి’ అనాలి. చాలామంది టీచర్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు: జాలితో లేని గొప్పతనం అంటగడతారు. పిల్లలు ఆ అబద్ధాన్ని ఒక్క క్షణంలో పసిగడతారు, ఆ పిల్ల పరిస్థితి ముందుకన్నా అధ్వాన్నమవుతుంది. మెచ్చుకోవడానికి నిజమైనది దొరికేదాకా కాచుకుని ఉండండి. ఎప్పుడూ చదవడం, రాయడమే ఉండే పనులిస్తే దొరకదు. కొలవడం, గీయడం, అమర్చడం, తప్పు ఎక్కడుందో కనిపెట్టడం, ప్రశ్న తయారుచేయడం ఉండే పనులు ఇస్తేనే దొరుకుతుంది.

క్లాస్ లీడర్ వ్యవస్థ గురించి నా అభిప్రాయం ఒక్క మాటలో: ఒక్కరికే ఏడాదంతా ఇవ్వకండి. బోర్డు తుడవడం నుంచి లైబ్రరీ పుస్తకాల లెక్క దాకా పదిహేను ఇరవై పనులు రాసి వారం వారం తిప్పండి. చేయకపోతే క్లాసు ఇబ్బంది పడే పని మాత్రమే పని. ‘చిరునవ్వుల మంత్రి’ లాంటివి పిల్లలకి నవ్వులాటే.

ఆటల దగ్గర ఇద్దరు కెప్టెన్లని నిలబెట్టి ఒక్కొక్కర్నీ ఎంచుకోమనడం వెంటనే మానేయండి. నలభై మంది చూస్తుండగా చివరికి మిగలడం అన్న శిక్ష ఏ తప్పూ చేయని పిల్లలకి వారం వారం పడుతోంది. జట్లు మీరే రాసుకుని తీసుకెళ్ళండి. షికాగోలో చిన్నపిల్లల టీచర్‌గా పనిచేసిన వివియన్ పేలీ తన క్లాసులో, ఆడుకుంటామని వచ్చినవాళ్ళని ఎవరూ కాదనకూడదు అని నిబంధన పెట్టింది. పెట్టేముందు పెద్ద తరగతుల పిల్లల్ని కూడా అడిగింది; న్యాయమే కానీ ఇక మా వయసులో కుదరదు అని చాలామంది అన్నారు. ఆరో తరగతి అంటే కుదరదనే వయసే. కాబట్టి బ్రేక్‌లో స్నేహాల మీద నిబంధన పెట్టకండి, మీ చేతిలో ఉన్న సమయం మీద మాత్రం గట్టిగా పెట్టండి.

ఏడిపించడం జరుగుతోందా అన్నది మీరు రాయలేదు, కానీ మొహం ముడుచుకునే చోట అది తప్పకుండా ఉంటుంది. దాన్ని ఇద్దరి మధ్య గొడవగా చూడకండి. ఫిన్లండ్‌లో క్రిస్టినా సల్మివల్లి బృందం 1996లో ప్రచురించిన పరిశోధనలో, ఏడిపించేవాడూ బాధపడేవాడూ కాక మిగతా క్లాసులో చాలామంది ఏదో ఒక పాత్రలో ఉంటారని తేలింది: చెయ్యి కలిపేవాళ్ళు, నవ్వి ఎగదోసేవాళ్ళు, పక్కకి తప్పుకునేవాళ్ళు, అడ్డం వచ్చేవాళ్ళు. ఏడిపించేవాడికి కావలసింది ఆ నవ్వు. కెనడాలో బడి ఆటస్థలాల్ని వీడియో తీసి చూసిన పరిశోధకులకి, తోటిపిల్లలు అడ్డుకున్న సందర్భాల్లో సగానికి పైగా ఏడిపించడం 10 సెకన్లలోనే ఆగిపోవడం కనిపించింది. అంటే వీరోచితంగా ఎదిరించమని నేర్పక్కర్లేదు. నవ్వకపోవడం, బాధపడుతున్న పిల్లని ‘ఇటు రా, నీతో పనుంది’ అని పిలిచి తీసుకుపోవడం, తర్వాత మీకు చెప్పడం, ఈ మూడూ నేర్పితే చాలు. ఈ మాటల్ని పిల్లల చేత పైకి అనిపించి ప్రాక్టీసు చేయించండి. సమయానికి నోట్లోంచి మాట రాదు కాబట్టే చాలామంది ఊరుకుంటారు. చెప్పినవాడి పేరు మాత్రం మీ నోటి నుంచి బయటికి రాకూడదు. ఒక్కసారి వచ్చిందా, మళ్ళీ ఎవరూ చెప్పరు.

ఒకరు తప్పు చేసినప్పుడు మీరెలా మాట్లాడతారన్నది తప్పు చేసినవాడికన్నా చూస్తున్నవాళ్ళ మీద ఎక్కువ ప్రభావం చూపిస్తుంది. జేకబ్ కౌనిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ముందే దీన్ని గమనించాడు: టీచర్ ఒకరిని మందలిస్తే ఆ అల మిగతా అందరికీ పాకుతుంది. కోపంగా అరిస్తే ఏ తప్పూ చేయని పిల్లలు బెదిరి పాఠం మీద ధ్యాస పోగొట్టుకుంటారు. ‘పెన్ను కింద పెట్టు, ఇటు చూడు’ అని ఏం చేయాలో స్పష్టంగా చెప్తే సర్దుకుంటారు. పెద్ద విషయమైతే అందరి ముందూ తేల్చకండి. విడిగా కూర్చోబెట్టి, ఏం జరిగింది, దానివల్ల ఎవరికి ఏమైంది, సరిచేయడానికి నువ్వేం చేస్తావు అని అడగండి. ‘సారీ చెప్పు’ అని బలవంతం చేస్తే నేల చూస్తూ ‘సారీ’ అంటాడు, అవతలివాళ్ళు ‘పర్లేదు’ అంటారు, ఇద్దరూ అబద్ధమే చెప్పారు. చింపిన పుస్తకానికి కొత్త అట్ట వేసి ఇవ్వడం సారీ కన్నా మేలు. ఏడిపించిన కేసులో మాత్రం ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయకండి. బలం సమానంగా లేని చోట రాజీ అంటే బలహీనుడు తగ్గడమే.

నోట్సు దిద్దేటప్పుడు కూడా మీ మాట పిల్లలకి ఎలా చేరుతుందో గుర్తుంచుకోండి. డేవిడ్ యేగర్, జెఫ్రీ కోహెన్ తదితర అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించిన ప్రయోగంలో ఏడో తరగతి పిల్లల వ్యాసాలు మామూలుగా దిద్ది, కొందరి పేపర్ల మీద ఒక చీటీ అంటించారు. మీ నుంచి నాకు పెద్ద అంచనాలున్నాయి, మీరు అందుకోగలరని తెలుసు, అందుకే ఈ వ్యాఖ్యలు రాస్తున్నాను అని దాని సారాంశం. ఆ చీటీ చూసినవాళ్ళలో వ్యాసం తిరగరాసినవాళ్ళు పెరిగారు, ముఖ్యంగా టీచర్లంటే నమ్మకం లేని నల్లజాతి పిల్లల్లో. నేర్చుకోవాల్సింది చీటీ కాదు. ఎర్ర గీతలు చూసి ‘టీచర్‌కి నేనంటే ఇష్టం లేదు’ అనుకునే పిల్లకి ఆ గీతల కారణం చెప్పాలి. సులువు ప్రశ్నలిచ్చి, తప్పులు చూసీ చూడనట్టు వదిలేసి దయ చూపిస్తే, వీళ్ళకి ఇంతే వచ్చు అన్న మాటే వాళ్ళకి అందుతుంది.

వారానికోసారి పావుగంట అందరూ గుండ్రంగా కూర్చుని క్లాసు విషయాలు మాట్లాడుకునే మీటింగ్ మంచిదే. ఒక పెట్టె పెట్టి చీటీలు వేయమనండి. ఏ చీటీ తీయాలో ముందే మీరు చదివి నిర్ణయించుకోండి, ఒక పిల్లవాడి పేరుతో ఉన్న ఫిర్యాదు గుండ్రంలోకి రాకూడదు. మాట్లాడటం ఇష్టం లేనివాళ్ళకి ‘పాస్’ అనే హక్కు ఉండాలి. దగ్గరితనం పెంచాలని ‘మీ జీవితంలో బాధ పెట్టిన సంఘటన చెప్పండి’ లాంటివి పెట్టకండి. పదకొండేళ్ళ పిల్ల ఆవేశంలో చెప్పేసి, మరుసటి రోజు దాన్ని అందరి నోటా వింటుంది. వ్యాసాల అంశాలు కూడా చూసుకోండి. ‘మా నాన్న’, ‘సెలవుల్లో మేం వెళ్ళిన ఊరు’ అంటే రాయడానికి ఏమీ లేని పిల్లలు, రాయలేని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ‘నాకు ఏదైనా నేర్పిన ఒక మనిషి’, ‘ఈ నెలలో నేను గమనించిన ఒక విషయం’ అంటే అందరికీ చోటుంటుంది.

ఇవన్నీ ఒకేసారి మొదలెట్టకండి. ఈ వారం పేర్ల జాబితా, చీటీలు; వచ్చే వారం సీట్లు, గొలుసు; అది అలవాటయ్యాక ఒక జిగ్సా పాఠం. మీ క్లాసుకొచ్చే మిగతా టీచర్లకి ఆ మూడు సెకన్ల సంగతీ, జట్ల సంగతీ మాత్రం చెప్పి ఊరుకోండి, అంతకన్నా చెప్తే వినరు.

ఇక ఆ అమ్మాయి. ఒంటరిగా ఉండే పిల్లలందరూ వెలివేయబడినవాళ్ళు కారు. కొందరికి ఒక్క స్నేహితురాలు చాలు, కొందరికి బ్రేక్‌లో పుస్తకమే విశ్రాంతి. తేడా తెలుసుకోవాలంటే ఆమె ఏకాంతాన్ని కాదు, ఎవరైనా పిలిచినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. పిలిస్తే తేలిగ్గా వెళ్ళి, పని చేసి, మళ్ళీ తన చోటికి వచ్చేస్తే అది ఆమె స్వభావం. దాన్ని బాగుచేయాలని చూడకండి, ‘అందరితో కలవాలమ్మా’ అని ప్రోగ్రెస్ రిపోర్టులో రాయకండి. పిలవాలని ఎదురుచూస్తూ గుంపు అంచున నిలబడుతోందా, నిన్నటిదాకా కలిసినది హఠాత్తుగా మానేసిందా, ఫలానా రోజుల్లోనే కడుపునొప్పి అంటోందా, అప్పుడు అది వేరు. రోజూ రెండు నిమిషాలు, చదువు ఊసెత్తకుండా, ఆమెకు ఇష్టమైన దాని గురించి మాట్లాడండి. వరసగా రెండు వారాలు చేయండి. మొదటి రోజుల్లో ఒక్క ముక్కలో జవాబు చెప్తుంది, ఆపకండి. ఈలోగా ఇంట్లోవాళ్ళతో ఒకసారి మాట్లాడండి, ఫిర్యాదులా కాకుండా ‘ఇంట్లో ఏం చేస్తుంటే సంతోషంగా ఉంటుంది?’ అని అడుగుతూ. హఠాత్తుగా మారినట్టు అనిపిస్తే, ఒంటి మీద దెబ్బలు కనిపిస్తే, బతకాలని లేదన్నట్టు ఏదైనా అంటే, రెండు వారాలు ఆగకండి. ఆ రోజే మీ హెడ్‌మాస్టర్‌కీ, బడిలో కౌన్సెలర్ ఉంటే వాళ్ళకీ చెప్పండి. ఎవరికీ చెప్పనని మాత్రం ఆ పిల్లకి మాటివ్వకండి. ‘నీకు సాయం చేయగలిగినవాళ్ళకి మాత్రమే చెప్తాను, చెప్పేముందు నీతో అంటాను’ అనండి, అన్నట్టే చేయండి.